పిడికెడు వేరుమట్టి

మొక్కల సంచుల్లో మట్టి నింపే పనిలో చేరి ఆమెకు ఇరవై రెండేళ్లు. నర్సరీలో అందరూ ఆమెను పిడికెడు పిన్ని అనేవాళ్లు. పెద్ద చెట్ల వేళ్ల చుట్టూ తవ్వి తెచ్చిన నల్లమట్టి పిడికెడు వెయ్యందే ఆమెకు ఏ సంచీ నిండినట్టు ఉండేది కాదు. ఎందుకు వేస్తావని అడిగితే, మా అమ్మ వేసేది అనడం తప్ప ఆమె దగ్గర వేరే జవాబు లేదు. చివరికి ఆ జవాబే ఆమె కొంప ముంచింది.

ఆ నర్సరీ గనివాళ్లది. గనిలోంచి తోడిపోసిన రాతిపొడి, మన్ను ఊరి పక్కన కొండంత గుట్టయి కూర్చుంది. దాని మీద చెట్లు పెరిగితే మన్ను జారకుండా ఉంటుందని నర్సరీ పెట్టారు. గుట్ట కిందే పనివాళ్ల ఇళ్ల వరస. అందులో మూడో ఇంట్లో పిన్ని చెల్లెలు, మరిది ఉండేవాళ్లు. భర్త పోయాక పిన్నికి నా అన్నది ఆ చెల్లెలొక్కతే. సెలవు రోజు వస్తే పొద్దున్నే అక్కడికి పోయి, కూరలు తరుగుతూ, మరిదిని ఆటపట్టిస్తూ సాయంత్రం దాకా ఉండేది.

ఒక వానాకాలం నారంతా మొదలు కుళ్లి పడిపోయింది. కొత్తగా వచ్చిన ఆఫీసరు చెడ్డవాడేం కాదు, చదువుకున్నవాడు. తెగులు బయటి మట్టితో వచ్చిందన్నాడు. ఆ మట్టి ఎవరు తెస్తున్నారో విచారిస్తే అన్ని వేళ్లూ పిన్ని వైపే చూపించాయి. ఎందుకు తెచ్చావంటే ఆమె వాళ్లమ్మ పేరు చెప్పింది. ఆయన నవ్వలేదు గానీ, పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆ రోజు నుంచి మట్టినంతా పెద్ద డ్రమ్ముల్లో ఆవిరి పట్టడం మొదలుపెట్టారు. పిన్నిని ట్రేలు కడిగే తొట్టి దగ్గరికి మార్చారు. అన్ని వేల మొక్కలు తన చేతి మట్టి వల్లే చచ్చాయేమోనని ఆమె చాలా రోజులు సరిగా తిండి తినలేదు.

ఆవిరి పట్టాక కుళ్లు ఆగిన మాట నిజమే. కానీ మొక్కలు జానెడు దగ్గరే నిలిచిపోయాయి. ఆకుల అడుగున వంకాయ రంగు తేలింది. ఆఫీసరు ఎరువు పెంచితే సంచుల్లో కాస్త పచ్చబడ్డాయి. వాటిని గుట్ట మీద నాటితే రెండు నెలలకల్లా పుల్లలయ్యాయి. మళ్లీ నాటారు, అవీ అంతే.

పిన్ని ఒకసారి ధైర్యం చేసి ఆయన గదికి వెళ్లింది. ఒక్క వరసకు వేరుమట్టి వేసి చూద్దాం సార్ అని అడిగింది.

"పోయినసారి తెగులు ఎలా వచ్చిందో మర్చిపోయావా అమ్మా?" అన్నాడాయన.

ఆమె తిరిగి తొట్టి దగ్గరికి వచ్చేసింది. కానీ చెయ్యి ఊరుకోలేదు. తొట్టి వెనక ఎవరూ తిరగని చోట నలభై సంచుల్లో పిడికెడు చొప్పున వేసింది. వాటిలో మొక్కలు నాలుగు నెలల్లో మోకాలెత్తు లేచాయి. ఆ సంగతి చెల్లెలికి తప్ప ఎవరికీ చెప్పలేదు. వెళ్లి చూపించక్కా అని చెల్లెలు పోరింది. ఉన్న పని ఊడగొట్టుకోమంటావా అని పిన్ని కసిరింది.

ఆ ఏడు మూడు రోజులు ఎడతెరిపి లేకుండా వాన పడింది. నాలుగో రోజు ఉదయం పదింటికి, పిన్ని ట్రేలు కడుగుతుండగా, పెద్ద లారీ మన్ను దించుతున్నట్టు చప్పుడైంది. అది చాలాసేపు ఆగలేదు. ఆమె పరుగెత్తుకెళ్లేసరికి ఇళ్ల వరసలో సగం లేదు. మరిది గనిలో షిఫ్టులో ఉన్నాడు. చెల్లెలు ఇంట్లోనే ఉంది. మర్నాడు మధ్యాహ్నానికి గానీ ఆమెను బయటికి తియ్యలేకపోయారు.

విచారణకు వచ్చినవాళ్లలో వేర్ల మీద పరిశోధన చేసే ఒకావిడ ఉంది. నర్సరీ అంతా తిరుగుతూ తొట్టి వెనక మొక్కల దగ్గర ఆగిపోయింది. ఇవెవరు పెంచారని అడిగితే పిన్ని ముందుకొచ్చింది. ఆవిడ ఆ మొక్కల వేళ్లనూ, ఆవిరిమట్టి మొక్కల వేళ్లనూ ఉడికించి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద పెట్టి పిన్నినే చూడమంది. ఆవిరిమట్టి వేరు బోసిగా ఉంది. పిన్ని మొక్క వేరు నిండా నీలం దారాలు, అక్కడక్కడ చిన్న తిత్తులు.

అదొక రకం బూజు అని ఆవిడ విడమరిచి చెప్పింది. వేరులో కాపురముండి, వేరు చేరలేనంత దూరం దారాలు సాగదీసి, మట్టిలోని భాస్వరాన్నీ కొంత నీటినీ మొక్కకు అందిస్తుంది. బదులుగా మొక్క దానికి చక్కెర పెడుతుంది. పాత చెట్ల వేళ్ల మట్టిలో అది ఉంటుంది, తెగులూ ఉండొచ్చు. ఆవిరి రెంటినీ చంపేసింది. గుట్ట మన్నులో అది ముందే లేదు.

పిన్ని మైక్రోస్కోపు మీంచి కన్ను తియ్యకుండానే అడిగింది. "ఇవి అక్కడ నాటి ఉంటే నా చెల్లెలు బతికేదా అమ్మా?"

"చెప్పలేను. ఏడాది మొక్కలు అంత గుట్టను ఆపుతాయని నేననను. నీళ్లు పోయే దారి కూడా లేదక్కడ. మొక్కలు మాత్రం బతికేవి."

ఆఫీసరుకు బదిలీ అయింది. వెళ్లే ముందు తొట్టి దగ్గరికొచ్చి, వెనకున్న నలభై మొక్కల్నీ ఒకసారి చూసి వెళ్లిపోయాడు. తెగులు లేదని తేలిన మట్టితో బూజును పెంచే షెడ్డు వేసి దాన్ని పిన్నికి అప్పగించారు. గుట్టకు కాలువలు తవ్వి మళ్లీ నాటారు. ఈసారి మొక్కలు నిలబడ్డాయి. ఫోటోలు తీసేవాళ్లు వచ్చి నిలబడమంటే, పనుందని ఆమె షెడ్డులోకి పోయింది.

మరిదికి వేరేచోట ఇల్లిచ్చారు. వెళ్లే రోజు షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. నలభై మొక్కల సంగతి ఆయనకు విచారణలోనే తెలిసింది.

"మీకు తెలుసు కదా వదినా. మళ్లీ ఒక్కసారి ఎందుకు చెప్పలేదు?"

ఆయన గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. పిన్ని చేతులు కడుక్కుంది, కొంగుతో తుడుచుకుంది, కూర్చోమని స్టూలు జరిపింది. ఆయన కూర్చోలేదు. మెట్లు దిగి వెళ్లిపోయాడు.