పీర్ల గుండం ఫోటో

నేతపని నేర్చుకోవడానికి ఎలియా అనే మనిషి టాంజానియా నుంచి ఎమ్మిగనూరు వచ్చింది డెబ్బైతొమ్మిదిలో. మగ్గాల మాస్టరు బతిమాలితే భీమాబాయి తన ముందుగది ఇచ్చింది. ఇచ్చిందే గాని, ఆ సాయంత్రమే వంటింట్లోని పెద్ద గుండిగను అటకెక్కించింది.

అంతకుముందే టాకీసులో ఒక అడవి సినిమా ఆడింది మరి. అందులో ఆఫ్రికావాళ్ళంటే ఒంటికి మసి పూసుకుని, నిప్పు చుట్టూ గెంతుతూ, హీరోను గుండిగలో ఉడికించబోయేవాళ్ళు. తీసినవాళ్ళు మద్రాసు పొలిమేర దాటి ఉండరు. చూసినవాళ్ళు మాత్రం ఆఫ్రికా తిరిగొచ్చినట్టే మాట్లాడేవారు.

ఎలియా పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని మగ్గాల దగ్గరికి పోయేవాడు. ఆ నేతగాళ్ళ తెలుగే పట్టుకున్నాడు. సాయంత్రమైతే వీధి పిల్లలు కిటికీ ముందు చేరి, కట్టెలు ఈటెల్లా పట్టుకుని కేకలు పెట్టేవారు. మొదట్లో నవ్వాడు. తర్వాత ఉడుకపోసినా కిటికీ మూసుకున్నాడు.

టాకీసులో రీళ్ళు తిప్పే బసన్న పక్కింటివాడు. ఎలియాను ఖాళీ చేయించకపోతే వీధి ఆడవాళ్ళెవరూ నీ గడప తొక్కరని భీమాబాయిని బెదిరించాడు. ఇంకెవరూ గది ఇవ్వరని, ఖాళీ చేస్తే ఎలియా పని సగంలో వదిలేసి తిరిగిపోవాల్సిందేనని ఆమెకు తెలుసు. అయినా పీర్ల పండుగ అయ్యాక చెబుతానని ఒప్పుకుంది.

పండుగకు బసన్న ఏటా మొక్కు తీర్చేవాడు. ఒంటినిండా చారలు పూయించుకుని, పులివేషంలో, పీర్ల గుండం నిప్పుల చుట్టూ ఎగిరేవాడు. ఆ ఏడు ఎలియా ఫోటో తీశాడు.

పండుగ వెళ్ళాక, ఖాళీ చేయమనే మాట నోట్లో పెట్టుకుని భీమాబాయి గది ముందు నిలబడింది. అతను ముందుగా ఆదోనిలో కడిగించిన ఫోటో చేతికిచ్చాడు.

"ఇది మా ఊరికి పంపతా. మీ ఊరు సూపియ్యాల గదా, అమ్మా."

ఫోటోలో బసన్న పళ్ళన్నీ బయటపెట్టి, నాలుక చాపి ఉన్నాడు. వెనక మంట.

"ఇదొక్కటే పంపితే మీ అమ్మ ఏమనుకుంటాదప్పా? మేము దినామూ ఇట్లే ఎగురుతామనుకోదా? మగ్గం తియ్యి, బడి తియ్యి, నన్ను తియ్యి."

ఎలియా నవ్వలేదు. "మా అమ్మ బళ్ళో పాఠం సెప్తాది. మీ సినిమాలో మా అమ్మ యాడుంది?"

భీమాబాయి చెప్పడానికి వచ్చిన మాట మింగేసింది. ఆ ఫోటో పట్టుకుని నేరుగా బసన్న ఇంటికి పోయింది.

అది ఎలియా ఊరికి పోతుందని వినగానే బసన్న ముఖం మాడ్చుకున్నాడు. "అది మొక్కు గదమ్మా. సూసినోళ్ళు నేనెప్పుడూ ఇంతే అనుకోరా?"

"అనుకోనీలే. ఆ పిల్లోనికీ అమ్మ ఉంది, ఇల్లుంది, పనుంది. అట్లాంటి ఆఫ్రికా ఉండే సినిమా ఒకటన్నా తిప్పినావా నువ్వు?"

టాకీసుకొచ్చిన రీళ్ళ డబ్బాల్లో అలాంటిది ఒక్కటీ లేదని ఒప్పుకున్నాడు.

"ఒకటి జూసింటే నేనూ భయపడేదాన్ని గాదు. గది వానిదే. రానోళ్ళు రాకపోనీ."

కొన్నాళ్ళు ఆడవాళ్ళు రాలేదు. ఆమె పిలవలేదు. పిల్లలు కేకలు పెడితే మాత్రం చెవి మెలేసి, మీ ఊళ్ళో ఏం తింటారని అతన్నే అడగమంది. ఒకడు బెదురుతూ అడిగాడు.

మొక్కజొన్న పిండితో సంగటి అన్నాడు ఎలియా.

"సంగటేనా?" అని పిల్లవాడు మూతి ముడుచుకున్నాడు. "మా ఇంట్లోనూ అదే."