మా గది ఏసీ శ్రుతి

కాకినాడలో మా రాక్ బ్యాండుకు పాటలు రాసింది, గిటార్ వాయించింది, రికార్డు చేసి మిక్స్ చేసింది అన్నీ నేనే. ఇప్పుడు గల్ఫ్‌లో, మంగఫ్ అనే ఊళ్లో పైప్ ఫిట్టర్‌ని. గదిలో ఐదుగురం ఉంటాం. పాత బ్యాండు వాళ్లు కొత్త పాట అడిగి నెల దాటింది. ముప్ఫై సార్లు రికార్డు చేశాను, ఒక్కటీ పంపలేదు. ప్రతిసారీ వెనక ఏసీ రొద.

ఈ రోజు శుక్రవారం సెలవు కదా, అందరినీ బతిమాలి మధ్యాహ్నం ఐదు నిమిషాలు ఏసీ ఆపించాను. ఈ ఎండల్లో అదేం చిన్న త్యాగం కాదు. చెమటలు కక్కుతూ ఒక్క టేకులో పాడేశాను. వినిపిస్తే మా గదిలోని కడప ఓబులేసు మొహం చిట్లించాడు.

“ఏందన్నా, పాట బోడిగా ఉండాది? దినామూ ఇట్లుండదే!”

“రొద పోయింది కదరా, అందుకే.”

“ఆ రొద ఉంటేనే బాగుండె. యల్లా, ఏసీ వెయ్యన్నా!” అని ఇక్కడి అరబ్బీ మాట కలిపి తొందరపెట్టాడు.

ఒళ్లు మండింది. ఏసీ వేసి, గిటార్ తీగ మీటాక అర్థమైంది. నెల రోజులుగా నేను శ్రుతి చేసుకుంటున్నది ఆ రొదకే. పాటంతా దాని మీదే కట్టాను.

చివరికి ఏసీతో ఉన్న పాటే పంపించాను. “వెనక తంబూరా ఎవరు వేశారు? ఆయన్ని వదలకు” అని జవాబొచ్చింది.

అప్పటి నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఎప్పటికైనా వెళ్లి బ్యాండులో చేరిపోవాలనే ఇన్నాళ్లూ నా ఆరాటం. మరి అక్కడ ఈ పాట ఎలా పాడేది? ఏసీని విమానంలో తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.