మైకాయన చదివిన పేరు

ఆ ఆఫీసులో పుట్టినవాళ్ళకీ పోయినవాళ్ళకీ కిటికీ ఒక్కటే. కిటికీకి మందపాటి అద్దం, అద్దం కింద కాగితం దూరేంత సందు. లోపల బల్ల మీద ఒక మైకు, బయట గోడకి ఎత్తుగా ఒక స్పీకరు. మైకు అడుగున ఉన్న నల్లమీట నొక్కి పట్టుకున్నంతసేపే లోపలి మాట బయటికి వినపడుతుంది. వేలు తీస్తే అక్కడికక్కడే తెగిపోతుంది. పుట్టుకల ఫారం పసుపు, చావుల ఫారం తెలుపు. ఆ రంగు కిటికీ దగ్గరున్న మనిషికీ లోపలున్న గుమాస్తాకీ తప్ప వరసలో వెనకున్నవాళ్ళకి కనపడదు. వాళ్ళకి వినపడేది అక్షరాలే.

ఆ కుర్చీలో ఇరవై తొమ్మిదేళ్ళుగా కూర్చున్న గుమాస్తాని అందరూ మైకాయన అనేవారు. కట్టుకున్న భార్య కూడా, ఆయన ఎదుట కాదులెండి, పక్కింటావిడతో "మా మైకాయన ఇంకా రాలేదు" అనేది.

అక్షరాలు చదివి వినిపించే పద్ధతి ఆయన పెట్టిందే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పసివాడి పేరులో అక్షరం జారిపోయింది. దాన్ని దిద్దించుకోవడానికి ఆ తండ్రి, ఒక తాపీమేస్త్రీ, పదకొండు నెలలు పని మానుకుని తిరిగాడు. చివరికి ఒకరోజు ఆఫీసు మెట్ల మీద కూలబడి "ఒక్క అక్షరం సారూ" అని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఆ పూట మైకాయనకి అన్నం సయించలేదు. మర్నాటి నుంచి పేరు టైపు చేశాక ఒక్కో అక్షరం విడదీసి మైకులో చదవడం, ప్రతి అక్షరానికీ అవతలి మనిషి "ఊ" అనడం, ఆ తరువాతే సంతకం. పై అధికారికి ఇది నచ్చి అద్దానికి నోటీసు అంటించాడు. అందులో వాక్యం మైకాయన సొంతం: "అక్షరం అక్షరం చదివి వినిపించిన తరువాతే సంతకం. ఆ తరువాత మార్పులు లేవు."

మంచి పద్ధతే. చాలా ఏళ్ళు మంచిగానే నడిచింది.

తరువాత తరువాత పేర్లు రాసే తీరు మారింది. పిలుపులు పాతవే, రాతలు కొత్తవి. ఒక అక్షరం చాలినచోట మూడు వచ్చి కూర్చున్నాయి. పలకని అక్షరాలు మధ్యలో దూరాయి. మొదటిసారి మైకాయన ఆగలేక అడిగాడు. "చివర మూడు 'ఈ'లు ఉన్నాయి. బిడ్డని పిలుస్తున్నారా, కొండ మీంచి కేకేస్తున్నారా?" వరస వరసంతా గొల్లుమంది. ఆ తండ్రి కూడా తల గోక్కుంటూ నవ్వాడు. తల్లి మాత్రం ఒళ్ళోని బిడ్డ ముఖానికి గుడ్డ అడ్డం పెట్టుకుంది, ఎండ లేకపోయినా.

మైకాయన ఆ నవ్వు రుచి మరిగాడు. "ఈ 'హెచ్' పలకదన్నారు. మరెందుకమ్మా, గుమ్మం దగ్గర కాపలాకా?" "మధ్యలో 'జెడ్' పెట్టారు, రేపు పిల్లాడు కాలికి తగిలి పడిపోడూ?" మైకులో అడుగుతాడు, మీట మీంచి వేలు తీస్తాడు. అవతలివాళ్ళ జవాబు ఎలాగూ ఆయనకి అక్కర్లేదు. కొంతమంది పని లేకపోయినా వచ్చి బెంచీ మీద కూర్చునేవారు, వినడానికి.

బెంచీల మీద చర్చలు వేరే. "మా వాడి పేరు వెతికితే లోకంలో వాడొక్కడే రావాలండీ" అనేది ఒక కుట్టుపనావిడ. "ఏం రావడం తల్లీ, పెద్దయ్యాక ప్రతి ఆఫీసులోనూ పేరు విడమరిచి చెప్పుకోలేక చస్తాడు. మన సరదాకి వాడికి శిక్ష" అనేవాడు బస్సు డ్రైవరు. "మా ఆవిడ తొమ్మిది నెలలు మోసింది, నేను అక్షరాల దగ్గర పోట్లాడితే బావుంటుందా?" అని ఇంకొకాయన. ఒక ముసలమ్మ అయితే, "ఎలా రాసి చచ్చినా పిలిచేది చిట్టీ అనేగా" అని తేల్చేసేది. అందరి మాటలకీ ముగింపు మాత్రం గోడ మీది స్పీకరు నుంచే వచ్చేది.

టీ వేళకి అటెండరు గ్లాసు తెచ్చి పెట్టి, "ఇవాళేం పడింది సార్ వలలో?" అని అడిగేవాడు. మైకాయన ఆ రోజు పడినవి చెప్పి నవ్వించేవాడు.

ఆయనకి ఒక్కతే కూతురు. ఆ పిల్ల పుట్టినప్పుడు రిజిస్టరు ముందేసుకుని, ఆ ఏడాది ఎక్కువమంది పెట్టుకున్న పేరేదో లెక్కేసి అదే పెట్టాడు. "పదిమందికి అలవాటైన పేరు ఎవరూ తప్పు రాయరు" అన్నది ఆయన వాదన. బడిలో ఆ పేరువాళ్ళు నలుగురు. పంతులమ్మ నంబర్లు వేసింది. మూడో నంబరు ఈ పిల్లది. నాలుగు రోజుల్లో పేరు పోయి 'మూడు' మిగిలింది. పెద్ద పరీక్షల్లో మూడో నంబరు మార్కులు రెండో నంబరుకి పడ్డాయి. ఈమెవి ఆమెకీ, ఆమెవి ఈమెకీ. దిద్దిస్తానని తిరిగిన మైకాయనకి అక్కడి గుమాస్తా మార్పులు లేవని చెప్పాడు. నర్సు కావాలనుకున్న పిల్ల కళ్ళజోళ్ళ దుకాణంలో చేరింది. లిఫ్టులు బాగుచేసే ఒక నెమ్మదస్తుణ్ణి చేసుకుంది. పెళ్ళైన ఏడేళ్ళకి కడుపు పండింది.

మైకాయన రిటైరవడానికి అప్పటికి మూడేళ్ళుంది. "ఇంతమంది పిల్లల పేర్లు రాశాను. నా మనవడో మనవరాలో, ఆ పేరు ఈ చేత్తో ఎక్కించి లేవాలి. అంతకంటే నాకేం వద్దు" అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

పాప పుట్టిన పదో రోజున కూతురు మందుల చీటీ వెనక పేరు రాసి తండ్రి ముందుకు తోసింది. రెండు 'ఎన్'లు, ఒక 'వై', రెండు 'ఎల్'లు, మూడు 'ఏ'లు, చివర ఒక 'హెచ్'.

మైకాయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఇది పేరా, టైపు మిషను మీద పిల్లి నడిచిందా?"

"పిలవడానికి మామూలు పేరే నాన్నా."

"మరి మామూలుగా రాయడానికేం రోగం?"

"తనకి నచ్చింది మామయ్యా, నాకూ బానే ఉంది" అన్నాడు అల్లుడు.

"నచ్చలేదంటే నీకు పూట గడవద్దూ, పాపం."

కూతురు నవ్వలేదు. "నువ్వు నాకు రిజిస్టర్లో లెక్కేసి పేరు పెట్టావు. రాసిన చోటల్లా నేను నలుగురిలో ఒకదాన్ని. నా కూతురు అలా ఉండకూడదు. ఎక్కడ వెతికినా అదొక్కతే దొరకాలి." చీటీ వెనక్కి తీసుకుని మడిచింది. "నీ కిటికీకే తెస్తాను. నీ ఆశ నాకు తెలుసు. అక్షరాలు చదివి ఊరుకో. ఒక్క మాట కలిపావంటే మాత్రం కాగితం లాగేసుకుంటాను."

"నా మనవరాలి పేరు మీద నేనెందుకంటానే, పిచ్చిదానా."

నిజంగానే అనకూడదనుకున్నాడు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, అద్దం లోపలా బయటా తనే తుడుచుకున్నాడు. కూతురూ అల్లుడూ పాపని ఎత్తుకుని వరసలోనే నిలబడి వచ్చారు. పసుపు ఫారం సందులోంచి లోపలికి వచ్చింది. టైపు చేశాడు. మీట నొక్కాడు.

"ఎన్."

"ఊ" అంది కూతురు.

"మళ్ళీ ఎన్."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. వరస కదిలింది. బెంచీ మీదివాళ్ళు మాటలాపి స్పీకరు వైపు చూశారు. అటెండరు టీ గ్లాసులతో గుమ్మంలో ఆగిపోయాడు, నవ్వు సిద్ధం చేసుకుని. చివరి 'హెచ్' దాకా మైకాయన బుద్ధిగానే చదివాడు. చదివాక మీట మీంచి వేలు తీయాలి, అంతే. అంతమంది చెవులు రిక్కించి ఎదురుచూస్తుంటే నాలుక ఆగలేదు.

"తొమ్మిది అక్షరాలు. బిడ్డ చూస్తే మూడు కిలోలు లేదు. ఈ పేరు మోయడానికి నలుగురు కావాలి."

ఇరవై తొమ్మిదేళ్ళలో అంత నవ్వు ఆ హాలు ఎరగదు. పాప ఉలిక్కిపడి ఏడ్చింది. కూతురు చెయ్యి సందులోంచి లోపలికి వచ్చి, బల్ల మీది ఫారం పట్టుకుంది.

"ఏంటే, సరదాకి అన్నాను" అన్నాడు మైకాయన. మీట నొక్కే ఉంది. ఆ మాట కూడా అందరికీ వినపడింది, దానికీ నవ్వారు.

"ఇది నీ చేత్తో ఎక్కదు" అంది కూతురు. ఊరికి అవతలి చివరున్న రెండో ఆఫీసుకి వెళ్ళి ఎక్కించుకున్నారు.

ఆ తరువాత ఆయన్ని పాప దగ్గరికి రానివ్వలేదు. భార్య ఆదివారాలు వెళ్ళి వచ్చేది.

"ఒక్కసారి వెళ్ళి తప్పైందనండి, మీ సొమ్మేం పోతుంది?"

"నేనేం లేనిమాట అన్నాను?"

మొదటి పుట్టినరోజుకి చిన్న చెక్క కుర్చీ చేయించి, వెనక పేరు రాయించి పంపాడు. నాలుగంటే నాలుగే అక్షరాలు, ఆయన సరైనవనుకున్నవి. కుర్చీ మర్నాడే తిరిగొచ్చింది. "ఒక్క పేరు ఉన్నదున్నట్టు రాయలేరా? మీ ఉద్యోగమే అది కదండీ" అంది భార్య. "నేను ఉండాల్సినట్టే రాశాను" అన్నాడాయన. భార్య ఆ కుర్చీ మీద ఉల్లిపాయల బుట్ట పెట్టుకుంది.

ఆఫీసులో మాత్రం మనవరాలి పేరు ఆయనకి బాగా పనికొచ్చింది. కొత్తగా చేరినవాళ్ళకి టీ దగ్గర తొమ్మిది అక్షరాలూ గుక్క తిప్పుకోకుండా, బల్ల మీద వేళ్ళతో దరువేస్తూ వినిపించేవాడు. నలుగురు మోయాలన్న మాటతో ముగించేవాడు. ఒకసారి అటెండరు, "పోనివ్వండి సార్, మన పిల్లే కదా" అన్నాడు. "మన పిల్ల కాబట్టే" అన్నాడు మైకాయన. రిటైరయ్యేలోపు అమ్మాయి మెత్తబడుతుందని, ఏ బడి కాగితానికో తన కిటికీకి రాక తప్పదని, అప్పుడు దిద్ది రాయొచ్చని ఆయన ధీమా.

పాపకి రెండేళ్ళ నాలుగో నెలలో జ్వరం తగిలింది. మూడు రోజులు ఆస్పత్రిలో ఉంది. నాలుగో రోజు లేదు.

మోయడానికి నలుగురు అక్కర్లేకపోయింది. అల్లుడొక్కడే రెండు చేతుల మీద తీసుకెళ్ళాడు. మైకాయన వెనకాల నడిచాడు. కూతురు ఒకసారి ఆయన వైపు చూసింది, దారిన పోయేవాణ్ణి చూసినట్టు.

ఆ ఆస్పత్రి మైకాయన ఆఫీసు పరిధిలోది. పుట్టుక ఊళ్ళో ఏ ఆఫీసులోనైనా రాయించుకోవచ్చు. తెల్లకాగితం మాత్రం ఇక్కడికే రావాలి, వేరే దారి లేదు.

"సెలవు పెట్టండి సార్. పక్క సెక్షనాయన్ని కూర్చోబెడతాను" అన్నాడు అటెండరు.

"ఆ పేరు నా చేత్తో ఒక్కసారైనా ఎక్కాలి. నన్ను చెయ్యనీ."

మూడో రోజు అల్లుడొచ్చాడు. వరస బయట మెట్ల దాకా ఉంది. మధ్యలోకి రమ్మని అటెండరు పిలిచినా రాలేదు, తన వంతు వచ్చేదాకా నిలబడ్డాడు. గడ్డం పెరిగి ఉంది. తెల్ల ఫారం మడతలు విప్పి సందులోంచి తోశాడు.

చావు రాయాలంటే ముందు పుట్టుక వెతకాలి. పేరు కొడితే ఊళ్ళోని రెండు ఆఫీసుల లెక్కా తెర మీదికి వస్తుంది. మామూలు పేర్లకి యాభై, వంద వస్తాయి, తేదీ చూసి ఏరుకోవాలి. మైకాయన ఫారం వంక చూడకుండానే కొట్టాడు. రెండేళ్ళు టీ బల్ల మీద దరువేసిన వేళ్ళు, తడుముకోలేదు.

అల్లుడు ఆ వేళ్ళనే చూస్తున్నాడు. "చూడకుండానే వచ్చేసిందే మీకు" అన్నాడు.

తెర మీద ఒక్కటే వచ్చింది. కిందా పైనా ఎవరూ లేరు. కూతురు కోరుకున్నట్టే, ఒక్కతే.

ఎక్కించి, కాగితం అచ్చు తీసి, సంతకానికి సందులోంచి తోశాడు. అల్లుడు కలం తీయలేదు. అద్దం మీది నోటీసు మీద వేలు పెట్టాడు. "చదవలేదు మామయ్యా."

మైకాయన పెదవులు కదిలాయి.

"వినపడట్లేదు. మైకు నొక్కండి."

మైకాయన కాగితం సందు దగ్గరికి వంగాడు. "వద్దు బాబూ. అన్నీ సరిగ్గా ఉన్నాయి."

"అందరికీ చదువుతారుగా. పాపకీ చదవండి."

మైకాయన మీట నొక్కాడు. "ఎన్."

"ఊ" అన్నాడు అల్లుడు.

"మళ్ళీ... ఎన్."

"ఊ."

"వై." "ఊ." "ఎల్." "ఊ." "మళ్ళీ ఎల్." వరసలో కదలిక మొదలైంది. ఆ కదలిక మైకాయనకి తెలుసు, తను పెంచిందే. "ఏ." "ఊ." "ఏ." "ఊ." మూడో 'ఏ' దగ్గర ఆయన గొంతు సాగింది. అది ఏడుపని బయట ఎవరికి తెలుస్తుంది? ఆయన ఎప్పుడూ సాగదీసేచోట సాగింది, అంతే.

వెనకనుంచి ఒక కుర్ర తండ్రి అందుకున్నాడు. "పిలుస్తున్నారా, కొండ మీంచి కేకేస్తున్నారా?"

హాలు గొల్లుమంది. గుమ్మంలో ఉన్న అటెండరు చేతులూపుతూ లోపలికి పరిగెత్తాడు. అతను చేతులూపడం చూసి ఇంకా నవ్వారు. మైకాయన వేలు మీట మీంచి జారింది.

అల్లుడు వెనక్కి తిరగలేదు. నవ్వు తగ్గేదాకా ఆగి, "ఇంకొకటి ఉంది మామయ్యా" అన్నాడు.

మైకాయన మళ్ళీ నొక్కాడు. "హెచ్."

"ఊ."

అల్లుడు సంతకం పెట్టి, తన ప్రతి నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ వెనకాలే కుర్ర తండ్రి కిటికీ దగ్గరికి వచ్చాడు, చంకలో బిడ్డతో, చేతిలో పసుపు ఫారంతో, ముఖం నిండా ఇంకా ఆ నవ్వుతోనే.

"మాది చిన్న పేరేనండీ, నాలుగే అక్షరాలు" అన్నాడు. "మీరేదైనా అన్నా మేమేం అనుకోం."