రోజూ పేపరు మార్చిన తాత

పోయిన గురువారం పొద్దున్నే పక్కింటి కోడలు ప్రహరీ గోడ దగ్గరకొచ్చి, "మా మామ పోయిండక్కా" అంది. నిద్రలోనే పోయారట. పాలగిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆయనకు చెప్పుకోవాల్సిన మాట ఒకటి నెలల తరబడి నా నోట్లోనే ఉండిపోయింది. ఇక చెబుదామన్నా వినే మనిషి లేరు.

మా తార్నాక సందులో ఆయన్ని అందరూ తాత అనేవారు. యూనివర్సిటీలో మొక్కల శాస్త్రం చెప్పే విభాగంలో ముప్ఫై ఏళ్ళు అటెండరుగా పనిచేశారు. లెక్చరర్ల వెంట అడవులు తిరిగి మొక్కలు తేవడం, పాత పేపర్ల మధ్య పెట్టి, రోజూ పేపరు మారుస్తూ ఆరబెట్టడం, ఆరాక అట్టకు అంటించడం ఆయన పని. అట్ట మీద ఒక చీటీ ఉంటుంది. మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించినవారి పేరు అందులో రాస్తారు. ఆ చివరి గడిలో ఎప్పుడూ లెక్చరర్ల పేర్లే. "మరి మీ పేరో?" అని ఒకసారి అడిగాను. "నాకెందుకు బిడ్డా. నేనెవరో ఆ చెట్టుకు ఎరుకే" అన్నారు.

మా పాపకు నాలుగేళ్ళప్పుడు, పొద్దున క్యాంపస్‌కు నడకకు పోతూ దాన్నీ వేలు పట్టుకుని తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. నడక అని పేరే గానీ ఇద్దరూ ఎక్కడా నడిచేవారు కాదు. చెదపుట్ట కనిపిస్తే అక్కడే గొంతుక్కూర్చునేవారు. తొలకరికి ఆరుద్ర పురుగు దొరికితే అరచేతిలోకి ఎక్కించుకుని, మళ్ళీ ఎక్కడిదాన్ని అక్కడే దించేవారు. ఆదివారాలు నేనూ వెళ్ళేదాన్ని. "ఒక్కటే ఉంటే తెంపొద్దు బిడ్డా. పది ఉంటే ఒకటి తెంపు. అది గూడ అడిగి తెంపు" అనేవారు. మా పాప నిజంగానే రేల చెట్టును అడిగేది. జవాబు కోసం ఆగేది కూడా. విసుక్కోకుండా తాతా ఆగేవారు. ఇంటికొచ్చాక తెచ్చిన ఆకుల్ని పేపర్ల మధ్య పెట్టి మంచం కింద దాచుకునేది.

ఉద్యమం ఊపందుకున్న చలికాలంలో క్యాంపస్ రోడ్ల మీద ముళ్ళకంచెలు పడ్డాయి. టియర్ గ్యాస్ మా సందు దాకా వచ్చేది. తలుపులేసుకుని, వాటి కింది ఖాళీల్లో తడిగుడ్డలు కుక్కేవాళ్ళం. మాది గుంటూరు వైపు. ఆఫీసులో మాటలు, టీవీలో మాటలు అన్నీ నెత్తికెక్కించుకుని ఉన్నాను. "మీరూ తెలంగాణ కావాలంటారా?" అని తాతనే నిలదీశాను. "కావాలె బిడ్డా. నీ దగ్గర దాస్తనా?" అన్నారు మామూలుగా.

ఆ మర్నాడు పాప చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడితే చెయ్యి పట్టి లోపలికి లాగాను. "ఇక పంపను తాతగారూ. మీకేం, మీ ఊరు. మాకు భయం ఉండదా?"

ఆయన గుమ్మం బయటే చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించారు. "గడబిడ ఉన్నప్పుడు నేను తోల్కపోను గద. సరే, పంపకు. గానీ గీ పిల్ల పుట్టింది గీడనే గద బిడ్డా."

నేను తలుపు వేశాను.

గొడవలు తగ్గాయి, మళ్ళీ వచ్చాయి, మళ్ళీ తగ్గాయి. నేను మాత్రం పంపలేదు. ఒక ఆదివారం ఇల్లు సర్దుతూ, మంచం కింది పేపర్ల కట్టను విప్పైనా చూడకుండా పాత పేపర్లవాడికి వేసేశాను. రెండేళ్ళ ఆకులు అందులోనే ఉన్నాయి. పాప గోడ దగ్గరకు పోయి వెక్కి వెక్కి ఏడ్చింది. అవతల నుంచి తాత గొంతు వినబడింది. "ఏడ్వకు. ఆకులు పోతే పోయినయ్. చెట్లు యాడికి పోతయ్?"

నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. తప్పయింది, పాపను మళ్ళీ తీసుకెళ్ళండి అని రేపు చెప్పుకుందాం అనుకున్నాను. రోజూ రేపే అనుకున్నాను. మా మధ్య గోడ నా నడుమెత్తు కూడా ఉండదు.

ఆయన పోయిన మూడో రోజు కోడలు ఒక పేపర్ల కట్ట తెచ్చిచ్చింది. "ఇవి పాపకట. రోజు పొద్దుగాల పోయి తెస్తుండె. పేపర్ ఎట్ల మార్చాల్నో మాకు తెల్వదక్కా."

విప్పాను. గానుగ, వేప, కుంకుడు, మోదుగ. నేను పారేసినవన్నీ మళ్ళీ మొదటి నుంచి. ఒక్కోదానికి ఒక్కో చీటీ. సేకరించినవారు అన్న చోట, వణికిన అక్షరాలతో మా పాప పేరు. నేను గడప దాటనివ్వని పిల్ల పేరును ఆయన అన్ని నెలలూ ఆ చెట్ల కిందికి తీసుకెళ్ళి వచ్చారు. ఆయన పేరు ఎక్కడా లేదు. ఆ కట్ట ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను.

పాప ఏడవలేదు. అన్నిటికన్నా పైనున్న రేల రెమ్మ మీద వేలు పెట్టి చూసింది. అది ఆయన పోయే ముందు రోజుది. వానాకాలం కదా, కింది పేపరు ఇంకా చెమ్మగానే ఉంది.

"మూడు రోజులైందమ్మా మార్చక. నల్లగైతది" అంది, అచ్చం ఆయనలాగే.

ఇంకా మడత విప్పని ఆ రోజు పేపరు తెచ్చిచ్చాను. నేల మీద పరిచి, రెమ్మను రెండు చేతులతో ఎత్తి, ఊపిరి బిగబట్టి అందులోకి మార్చింది. తడి పేపరు మాత్రం నా చేతికి వెంటనే ఇవ్వలేదు.

"ఇది పాత పేపర్లవాడికి వెయ్యకమ్మా" అంది.

వెయ్యలేదు. వరండాలో దండెం మీద, దాని చిన్న గౌను పక్కన, క్లిప్పు పెట్టి ఆరేశాను. ఇది రాస్తున్నప్పుడు కూడా గాలికి ఊగుతోంది.