నూలుదారంతో కట్టిన ఎస్ఎస్‌డి

కంప్యూటరు బటన్ నొక్కినవాళ్ళు అది తెరుచుకునేలోపు ఇంట్లో ఇంకో రెండు పనులు చక్కబెట్టుకుని వచ్చే కాలం ఒకటి ఉండేది. మరీ పాతకాలం అనుకునేరు, అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు వచ్చేసిన తర్వాతి సంగతే. ఎమ్మిగనూరులో మా ముందుగదిలో ఉన్న పెట్టెకు మాత్రం లోకం మారిన సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. మా నాయన పొద్దున్నే దాని బటన్ నొక్కి, స్నానం చేసి, విభూతి పెట్టుకుని, టీ తాగి వచ్చేసరికి అది ఇంకా తెర మీద చక్రం తిప్పుకుంటూ కూర్చునేది. నాయన దాన్ని ఒక్కనాడూ విసుక్కోలేదు. పెద్దదైపోయింది, నిదానంగానే లేస్తుందిలే అనేవాడు. (ఇంట్లో మనుషుల మీద ఈ దయ ఉండేది కాదు. నేను ఏడింటికి లేస్తే వీధంతా వినేలా మాట్లాడేవాడు.)

నాయన మొదట గుంటమగ్గం నేసేవాడు. మోకాళ్ళు మొరాయించాక మగ్గం దిగి, నలభై ఏళ్ళు దాటిన వయసులో మౌసు పట్టడం నేర్చుకుని, చీరల అంచులకు కంప్యూటరులో డిజైన్లు గీయడం మొదలుపెట్టాడు. మామిడిపిందెలు, హంసలు, గోపురాలు, గడి తర్వాత గడి నింపుకుంటూ పదిహేనేళ్ళు గీశాడు. చుట్టుపక్కల ఊళ్ళ నేతగాళ్ళు వచ్చి ఆ డిజైన్లు తీసుకుపోయేవాళ్ళు. అవన్నీ ఆ ఒక్క పెట్టెలోనే ఉండేవి. ఇంకోచోట ఒక కాపీ పెట్టుకుందామని నేను ఒకసారి అన్నాను. ఉన్నవి పెట్టెలో భద్రంగానే ఉన్నాయి కదా, మళ్ళీ ఇంకో పెట్టె ఎందుకన్నాడు నాయన. నాకూ బద్ధకమే కాబట్టి ఆ మాట నచ్చింది.

అప్పటికి నేను ఆదోనిలో డిగ్రీ ముగించి మా ఊళ్ళోనే ఒక బడిలో టీచరుగా చేరాను. డిగ్రీలో మూడు సబ్జెక్టులుంటే వాటిలో ఒకటి కంప్యూటరు. అంతమాత్రానికే వీధిలో అందరూ నన్ను ఇంజనీరు కింద జమకట్టారు, నేనూ కాదని చెప్పిన పాపాన పోలేదు. మొదటి జీతం చేతికి రాగానే అమ్మకు చీర కొనకుండా ఎస్ఎస్‌డి కొన్నాను. పాత హార్డ్ డిస్కు తీసేసి దాని బదులు ఇది పెడితే ఎంత ముసలి కంప్యూటరైనా లేచి ఉరుకుతుందని వీడియోల్లో చూశాను. ఒకటి కాదు, పద్దెనిమిది వీడియోలు చూశాను. ఆ రెండు వారాలూ నాకు అన్నం తింటున్నా అదే ధ్యాస. పార్సిలు వచ్చిన రోజు విప్పి చూపిస్తే, అరచేతిలో ఇమిడిపోయే ఆ పలచటి బిళ్ళను అమ్మ ఇటూ అటూ తిప్పి, చీర ఎంత పెద్దగా ఉండేదో గుర్తుచేస్తున్నట్టు నా మొహంలోకి చూసింది.

శ్రావణమాసంలో బడికి సెలవొచ్చిన ఒక రోజు, నాయన బంధువుల ఇంటికి పోయిన సమయం చూసుకుని పని మొదలుపెట్టాను. ఆయన తిరిగొచ్చేసరికి కంప్యూటరు క్షణంలో తెరిచి చూపించాలని నా ఉబలాటం. ముందు కొత్తదాన్ని ఒక తీగతో బయటినుంచే తగిలించి, పాతదాంట్లో ఉన్నదంతా దాంట్లోకి కాపీ చేయాలి. దేంట్లోంచి దేంట్లోకి అని కంప్యూటరు అడిగింది. రెండింటి పేర్లూ అంకెలూ అక్షరాలే. రెండోదాంట్లో ఉన్నదంతా చెరిగిపోతుంది, ఆలోచించుకోమని ఎర్రటి అక్షరాలతో హెచ్చరించింది కూడా. సంబరంలో ఉన్న మనిషికి ఎర్ర అక్షరాలు కూడా పచ్చగానే కనిపిస్తాయి. నొక్కేశాను. గంటన్నరకు పని పూర్తయిందని వచ్చింది. పెట్టె విప్పి, పాతదాన్ని పట్టుకుని ఒక్క లాగు లాగాను. కొత్తదాన్ని ఆ చోట పెడితే చిన్నపిల్ల పెద్దక్క రవిక తొడుక్కున్నట్టు వదులుగా ఊగింది. బిగించే చట్రం ఒకటి విడిగా కొనాలట, ఆ సంగతి పంతొమ్మిదో వీడియోలో ఉందేమో. ఇంట్లో స్క్రూలు లేకపోయినా నూలుకు కొదవలేదు కనుక నాలుగు వరసల దారంతో కట్టి, నేతముడి వేశాను. వైర్లు తగిలించి, దేవుడికి దణ్ణం పెట్టుకుని బటన్ నొక్కాను.

నల్లటి తెర. దాని మీద తెల్లటి ఇంగ్లీషు వాక్యం ఒకటి. తెరవడానికి తన దగ్గర డిస్కే లేదని దాని సారాంశం. ముడి విప్పి పాతదాన్నే మళ్ళీ పెట్టి చూశాను. అదే వాక్యం. అప్పుడు ఆ ఎర్ర అక్షరాలు గుర్తొచ్చాయి. దేంట్లోంచి దేంట్లోకి అన్నప్పుడు తిరగేసి చెప్పానా? నిండుదాన్ని ఖాళీదాంట్లో పోయాల్సింది పోయి, ఖాళీని తెచ్చి నిండుదాని మీద పోశానా? మర్నాడు పొద్దున కోడుమూరు నుంచి ఒక నేత మేస్త్రీ గోపురం అంచు డిజైను కోసం వస్తున్నాడు. గోపురమే కాదు, పదిహేనేళ్ళూ పోయినట్టే.

కొత్తదాన్ని మళ్ళీ కట్టేసరికి నాయన గుమ్మంలోకి వచ్చాడు. చిన్న సర్దుబాటు మిగిలింది, ఆదోనిలో భాయ్ దగ్గరికి తీసుకుపోవాలన్నాను. (భాయ్ అంటే మేము కాలేజీ రోజుల్లో పెన్‌డ్రైవులు బాగుచేయించుకున్న దుకాణం ఆయన. అసలు పేరు మాలో ఎవరికీ తెలియదు.) అంత బరువు నువ్వెట్లా మోస్తావని నాయన పెట్టెను దుప్పట్లో చుట్టి తనే ఎత్తుకున్నాడు. బస్సు నిండా ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి పోతున్న జనం. మాకు ఎట్లాగో సీటు దొరికింది. పక్కనున్న అవ్వ నాయన ఒళ్ళోని మూటను చాలాసేపు చూసి అడిగింది.

"ఒళ్ళో ఏముండాదప్పా, పసిబిడ్డను పట్టుకున్నట్ల పట్టుకున్యావు?"

"కంప్యూటరవ్వా. మా పాప దీంట్లో కొత్త మిషను ఏసింది. ఇంగ ఇది గుర్రం మాదిరి ఉరుకుతాది."

ఆ అవ్వ సంతోషించి తన నుదుటి కుంకుమ కాస్త తీసి దుప్పటికి పెట్టింది. వెనక సీటాయన మీ పాప ఏం చదివిందని అడిగితే, నాయన నా డిగ్రీకి ఇంకో రెండు డిగ్రీలు కలిపి చెప్పాడు. ఆయన గొంతులో ఆ గర్వం వింటుంటే నాకు కిటికీలోంచి దూకాలనిపించింది. సగం దారిలో ఇక తట్టుకోలేక, చెవి దగ్గర నెమ్మదిగా చెప్పేశాను.

"నాయనా, డిజైన్లన్నీ పోయినాయేమో. నేనే తుడిచేసినట్లుండాను."

నాయన జారిన దుప్పటి కొసను సర్దాడు. బయట పత్తిచేలు వెనక్కి పోతున్నాయి. చివరికి, "పోతే మళ్ళ గీచ్చాంలే. నేను చెప్తా, నువ్వు గళ్ళు నింపు," అన్నాడు. మాట మామూలుగానే ఉంది. చేతులు మాత్రం ఆ మూటను ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాయి. నేను ఆదోని వచ్చేదాకా ఆ చేతులనే చూస్తూ కూర్చున్నాను.

భాయ్ పెట్టె విప్పి, దారంతో కట్టిన ఎస్ఎస్‌డి మీదికి వంగి చూశాడు. ఆ తర్వాత పక్క దుకాణం ఆయన్ను కూడా పిలిచి చూపించాడు. ఇద్దరూ ఆ ముడిని మెచ్చుకున్నారు. నేను ఏడుపు ఆపుకుంటూ ఖాళీ, నిండు కథంతా చెప్పాను. భాయ్ వింటూనే లోపలికి చెయ్యి పెట్టి వైరును తడుముకుంటూ పోయి, పెద్ద బోర్డు దగ్గర వేలితో ఒక్క నొక్కు నొక్కాడు.

"వైరుకు రెండు కొసలుంటాయి తల్లీ. నువ్వు ఒగటే చూసినావు. లాగినప్పుడు ఈడ ఊడిపాయె."

నాయన ఆ మాట వినలేదు. అప్పటికే మొహం అటు తిప్పుకుని, తాగడానికి నీళ్ళున్నాయా అని పక్క దుకాణం ఆయన్ను అడుగుతున్నాడు. నీళ్ళు తాగి, ఆన్ చేయమన్నాడు. "చేసినానన్నా, అయిపోయింది కూడా," అన్నాడు భాయ్. తెర మీద మా ఇంటి కంప్యూటరు, దాని మీద వరసగా డిజైన్ల ఫోల్డర్లు. నేను తిరగేసి చెప్పలేదన్నమాట. నాయన ఒక్కొక్కటే తెరిపించాడు. హంసలు, పిందెలు, గోపురం. క్లిక్కుమనేలోపు తెరుచుకుంటున్నాయి. ఆ వేగానికి నేను ఏడుపు మరిచిపోయి చప్పట్లు కొట్టాను. నాయన చివరి ఫోల్డరు దాకా చూసి, అప్పుడు వెళ్ళి దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు. పోతే మళ్ళీ గీద్దామన్న మనిషి లేచి నిలబడటానికి నా భుజం పట్టుకోవలసి వచ్చింది.

బస్టాండు దగ్గర ఇద్దరం ఉగ్గాని, బజ్జీ తిన్నాం. తిరుగు బస్సులో కండక్టరు ఆ మూట ఏమిటని అడిగాడు. తన ఇంట్లో కంప్యూటరూ అట్లాగే నత్తలా నడుస్తోందట. నేను వెంటనే సర్దుకుని కూర్చుని, ఎస్ఎస్‌డి వేసుకోవడం ఎంత సులువో ఎమ్మిగనూరు వచ్చేదాకా ఆయనకు వివరించాను. ఏమాత్రం భయపడనవసరం లేదని ధైర్యం కూడా చెప్పాను. నాయన కిటికీ వైపు తిరిగి పైపంచెతో నోరు తుడుచుకుంటూనే ఉన్నాడు. తిని అప్పటికే అరగంట దాటినా.

ఇప్పుడు నేను ఏ బటన్ నొక్కాలన్నా హెచ్చరిక నాలుగుసార్లు చదువుతాను. నాయన డిజైన్లు మూడు చోట్ల భద్రంగా ఉన్నాయి. బడిలో ఏ కంప్యూటరు విప్పినా వైరు రెండు కొసలూ చూసుకుంటాను కాబట్టి అన్నీ మొదటిసారికే తెరుచుకుంటాయి. తెరుచుకున్నప్పుడు చప్పట్లు కొట్టాలని మాత్రం అనిపించదు. అప్పుడప్పుడు ఆ పిల్ల గుర్తొస్తుంది. ఏమీ తెలియకుండానే అంత సంబరపడిన ఆ పిల్లను కోప్పడదామనే మొదలుపెడతాను. మధ్యలోనే నవ్వొస్తుంది.