పిండి పొంగని చెయ్యి

మా అమ్మ విజయమ్మ మారేడ్‌పల్లిలోని ఒక టిఫిన్ సెంటర్‌లో పదకొండేళ్లుగా ఇడ్లీ పిండి కలుపుతోంది. నిరుడు నాన్న పోయాడు. ఆ చలికాలం నాలుగు రోజులు పిండి సరిగా పొంగలేదు. పెద్ద వంటమనిషి జగదాంబ అందరి ముందూ అనేసింది: "మొగుడు పోయినామె చెయ్యి పెడితే పిండేం పొంగుతది?" ఓనర్ రాఘవేందర్ ఇంకేమీ అడక్కుండా అమ్మను గిన్నెలు తోమే చోటికి పంపాడు.

అమ్మ ఏడవలేదు. "దాన్ని గా గిన్నెల కాడ కూసోబెట్టేదాక నాకు నిద్ర పట్టది" అంది. నాకూ ఒళ్లు మండిపోయింది. డిగ్రీలో నేను చదివేది స్టాటిస్టిక్స్. అది దేనికైనా పనికొస్తుందని మొదటిసారి అనిపించింది.

ఎదురు సెంటర్‌లో చేరతానని బెదిరించి, నెల రోజులు ఒకరోజు తను, ఒకరోజు జగదాంబ పిండి కలిపేలా అమ్మ ఓనర్‌ని ఒప్పించింది. మోండా మార్కెట్‌లో థర్మామీటర్ కొన్నాం. సాయంత్రం వంటగదిలో వేడెంతో, తెల్లారి పిండి ఎన్ని అంగుళాలు పొంగిందో అమ్మ వచ్చి చెప్పేది. గ్రాఫు కాగితం మీద అడ్డంగా వేడి, నిలువుగా పొంగు. రోజుకొక బొట్టుబిళ్ల అంటించాను. అమ్మవి ఎర్రవి, జగదాంబవి నల్లవి.

నెల తిరిగేసరికి ఎరుపూ నలుపూ కలగలిసి, ఎడమ వైపు అడుగు నుంచి కుడి వైపు పైకి ఎక్కాయి. వేడిగా ఉన్న రోజు పిండి పొంగింది, చలిగా ఉన్న రోజు పొంగలేదు. ఎవరు కలిపితే దానికేంటి! రెండు నల్ల బిళ్లలు మాత్రం వేడి రోజుల్లోనే అడుగున పడ్డాయి.

కాగితం తీసుకుని ఇద్దరం వెళ్లాం. రాఘవేందర్ సరిగ్గా ఆ రెంటి మీదే వేలు పెట్టాడు. "గివేందమ్మా?"

"జగదాంబ కలిపిన దినాలు సార్." అమ్మ అంతకంటే ఒక్క మాట అనలేదు.

ఆ రెండు రోజులూ నానబోసింది పాత మినప్పప్పు, అది ఎవరు కలిపినా సరిగా పొంగదు. ఆ సంగతి నాకు చెప్పింది అమ్మే. నేను నోరు తెరవబోతే మోచెయ్యి గట్టిగా గిల్లింది. ఓనర్ అక్కడికక్కడే జగదాంబను గిన్నెల దగ్గరికి పంపాడు. నిజం చెప్పొద్దూ, ఆమె మొహం చూస్తే నాకు కడుపు నిండింది.

దారిలో ఉండబట్టలేక అడిగాను. "రెండు చుక్కలతోని ఏం తేలదమ్మా. నీకు తెల్వదా?"

"ఎరుకే బిడ్డా" అంది అమ్మ. "నన్ను ఒక్క చుక్క సుత లేకుండనే అన్నరు గద."