నేను లెక్కపెట్టిన సెకన్లు

యూనివర్సిటీలో టౌన్ ప్లానింగ్ చదివే పిల్లలు మా ఇంటి ముందు రోడ్డును పరిశీలించడానికి వస్తున్నారని ఒక కాగితం తలుపుకు తగిలించి ఉంది. చదివి ముందు నవ్వుకున్నాను, తరవాత ఒళ్ళు మండింది. ఆ రోడ్డు మీది కూడలికి సిగ్నల్ డిజైన్ చేసింది నేను. షికాగో దగ్గర అరోరాలో ఈ ఇల్లు కొనకముందే, ఒక చిన్న ఇంజనీరింగ్ కంపెనీలో కూర్చుని, రోడ్డు వెడల్పును మనిషి నడిచే వేగంతో భాగించి, దాటడానికి ఎన్ని సెకన్లు చాలో తేల్చినవాణ్ణి. తరవాత అంకెలు చూపించే డబ్బాలు కొత్తవి పెట్టారు గాని సెకన్లు మాత్రం నావే. రిటైరయ్యాక కూడా కారులో ఎవరున్నా ఆ మాట చెప్పకుండా అక్కడ మలుపు తిప్పేవాణ్ణి కాదు. మా ఆవిడ అప్పుడు కిటికీలోంచి బయటికి చూసేది.

ఆవిడకు కంటి ఆపరేషన్ అయ్యాక డాక్టరు ఇక డ్రైవింగ్ వద్దన్నాడు. మోకాళ్ళు అంతకుముందే మొరాయించాయి. రోడ్డుకు అవతలే లైబ్రరీ. మంగళవారం, గురువారం అక్కడ కొందరు ఆడవాళ్ళు చేరి ఊలు అల్లుకుంటారు, అంతకన్నా ఎక్కువ కబుర్లు చెప్పుకుంటారు. ఆ రెండు రోజులూ ఆవిడ సంచి సర్దుకుని, నేను కారు తాళాలు తీసేదాకా సోఫా అంచున కూర్చునేది. నేను ఊరికే లేచేవాణ్ణి కాదు. కాసేపు సణగాలి, పేపరు మడవాలి, కళ్ళజోడు వెతకాలి.

"ఎదురుగా ఉన్నదానికి కారెందుకండీ? నేనే నడిచి వెళ్తాను," అంది ఒకరోజు.

"సిగ్నలుందిగా, వెళ్ళు," అన్నాను.

వెళ్ళింది. కాసేపటికే తిరిగొచ్చి, సంచి మేకుకు తగిలించి, "ఇవాళ వద్దులెండి," అంది. ఎందుకని నేను అడగలేదు.

పిల్లలు వచ్చిన శనివారం నాడు పాత డ్రాయింగుల చుట్ట చంకలో పెట్టుకుని బయల్దేరాను. వాళ్ళకు నాలుగు ముక్కలు నేర్పి రావాలని నా ఉద్దేశం. మా ఆవిడ చేగోడీల డబ్బా పట్టుకుని వెనకాలే వచ్చింది. మా వైపు మూల మీద పదిమంది స్టూడెంట్లు టేపులు, స్టాప్‌వాచీలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళ ప్రొఫెసరమ్మ తెల్లజుట్టు మనిషి, కాళ్ళకు వానబూట్లు. చుట్ట విప్పి నేనిచ్చిన లెక్చరంతా ఓపిగ్గా వింది. విని, "ఇవన్నీ మాకు కావాలి. ముందు కాస్త నడుద్దామా?" అంది ఇంగ్లీషులో.

చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో స్టూడెంటుతో కలిసి రోడ్డు దాటాలి. మా ఆవిడకు తోడుగా, పక్క ఊరు నేపర్‌విల్‌లో పుట్టి పెరిగిన ఒక తెలుగమ్మాయి దొరికింది. నడవమని చెప్పే తెల్లబొమ్మ వెలగగానే నేను అడుగు వేశాను. అవతలి గట్టు చేరాక, చూశారా అన్నట్టు వెనక్కి తిరిగాను.

మా ఆవిడ రోడ్డు మధ్యలోనే ఉంది. ఆగమనే ఎర్ర చెయ్యి వెలిగిపోయింది. రెండు జానల వెడల్పు డివైడర్ మీద ఆ పిల్లా, ఆవిడా నిలబడి ఉంటే అటూ ఇటూ ట్రక్కులు దూసుకుపోతున్నాయి. ఆవిడ డబ్బా మూత తీసి ఆ పిల్లకు చేగోడీ పెడుతోంది. రెండో చెయ్యి మాత్రం ఆ పిల్ల జాకెట్‌ను పిడికిట్లో బిగించి పట్టుకుంది.

మళ్ళీ తెల్లబొమ్మ వెలిగాక ఇద్దరూ నేనున్న గట్టుకు వచ్చారు. ఆ పిల్ల కాగితం చూసుకుంటూ, "అంకుల్, మీ టైమ్ సూపర్. కానీ అది వాకింగ్ కాదు, జాగింగ్," అంది. తరవాత గొంతు తగ్గించి, "ఆంటీ చెప్పింది, లాస్ట్ టైమ్ కూడా మిడిల్‌లో స్టక్ అయిందంట. ఒక్కతే ఉందంట. స్కేర్ అయి ఇంటికి వెళ్ళిపోయిందంట," అంది.

"మరి నాకు చెప్పలేదేం?" అన్నాను మా ఆవిడతో.

"మీరు అంత ముచ్చటపడే సిగ్నల్ గదా," అంది.

ఇంటికొచ్చి డ్రాయింగు బల్ల మీద పరిచాను. మార్జిన్‌లో నా చేతిరాతతోనే నడక వేగం రాసి ఉంది. పుస్తకం చెప్పిన అంకె, తప్పేమీ లేదు. ఆ వేగంతో నడిచేది ఎవరా అని ఆలోచిస్తే, బ్రీఫ్‌కేసు పట్టుకుని షికాగో రైలు అందుకోవడానికి పరిగెత్తే ముప్పై ఏళ్ళ నేనే కనిపించాను. సిగ్గేసింది.

నెల తిరక్కుండా పిల్లలు తమ కొలతలన్నీ ఊరి సభలో చూపించారు. సెకన్లు పెంచితే కార్లు ఆగిపోతాయని ఒకాయన అడ్డం తగిలాడు. ఇన్నేళ్ళుగా ఉన్న లెక్క, ఎవరో నిపుణుడు చేసే ఉంటాడు గదా అన్నాడు. నేను లేచి మైకు దగ్గరికి వెళ్ళాను.

"ఆ నిపుణుణ్ణి నేనే," అన్నాను. "లెక్క సరిగ్గానే చేశాను. అందులో మా ఆవిడను పెట్టుకోలేదు. ఆవిణ్ణి పెట్టి మళ్ళీ చెయ్యండి."

ప్రొఫెసరమ్మ మెచ్చుకోలుగా బల్ల మీద చరిచింది. వెనక వరసలో మా ఆవిడ మొహం ఎటు పెట్టుకోవాలో తెలియక సంచిలోకి చూసుకుంది.

మంచు కరిగాక సెకన్లు మార్చారు. ఆ మంగళవారం అలవాటు కొద్దీ తాళాలు తీశాను. "మీరెక్కడికి?" అని ఆవిడ సంచి భుజానికి వేసుకుని బయల్దేరింది. కొంచెం దూరంలో వెనకాలే వెళ్ళి మూల మీద ఆగాను. ఆవిడ బటన్ నొక్కింది, తెల్లబొమ్మ వెలిగింది, తన నడక తను నడిచింది. డివైడర్ దగ్గర ఆగలేదు. అవతలి గట్టు ఎక్కి, వెనక్కి తిరిగి చూడకుండా లైబ్రరీ తలుపు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సిగ్నల్ అంకెల డబ్బాలో ఇంకా నాలుగు సెకన్లు మిగిలాయి. సున్నా అయ్యేదాకా నేను ఇవతలే నిలబడి లెక్కపెట్టాను.